రెండు వైరసులు – దేహపు తొలి పోరాటం

ప్రతి యేటా డిసెంబరు 1వ తేదీన ప్రపంచ ఎయిడ్స్ దినం వస్తుంది. కళాశాలల విద్యార్థులు ఎర్ర రిబ్బను ధరించి, బ్యానరు పట్టుకొని, ప్రధాన వీధిలో ఒక చుట్టు తిరిగి వస్తారు. సత్ప్రవర్తనను గురించి ఒక ఉపన్యాసం, వందన సమర్పణ, తేనీరు. అంతటితో ఆ యేటికి ఆ వ్యాధి సంగతి ముగుస్తుంది. ఇటువంటి కార్యక్రమాలను చులకన చేయడం మా ఉద్దేశం కాదు. అయితే వాటిలో ఒక పెద్ద లోపం ఉన్నదని మేము భావిస్తున్నాము. వ్యాధి ఎలా సోకుతుందో చెబుతారు. సోకినవాని గతి చివరకు ఏమవుతుందో చెబుతారు. ఈ రెంటి నడుమ, వైరసు ప్రవేశించిన తొలి వారాలలో మన దేహం ఏమి చేస్తుందో, ఏమి చేయలేకపోతుందో ఎవరూ చెప్పరు. మందు ఎప్పుడు మొదలు పెట్టాలి, పరీక్ష చీటీని ఎంతవరకు నమ్మాలి, ఎవరిని చూసి ఎందుకు భయపడనవసరం లేదు అనే ప్రశ్నలన్నింటికీ సమాధానం ఆ వారాలలోనే ఉన్నది.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. 2021వ సంవత్సరపు జాతీయ అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు దేశం మొత్తం మీద నూటికి 0.21 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 0.67. ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే ఇంతకు మించిన రాష్ట్రం లేదు. అందులోనూ కృష్ణ, గుంటూరు, ప్రకాశం మొదలైన కోస్తా జిల్లాలు మొదటినుండి ఈ భారాన్ని అధికంగా మోసినవి. 2022 ఏప్రిల్‌లో వేటపాలెం ప్రకాశం జిల్లా నుండి బాపట్ల జిల్లాకు మారినది గాని, వ్యాధులకు జిల్లా సరిహద్దులు తెలియవు గదా!

ముందుగా ఒక మాట. తెలుగులో మనం రోగనిరోధక శక్తి అంటాము. రోగానికి అడ్డు నిలిచేది అని అర్థం. మన ఉర్దూ పుటలవారు ఖువ్వతె ముదాఫఅత్ అంటారు. అనగా రక్షించుకొనే బలం. మాకు ఉర్దూ మాటే ఇక్కడ ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది. ఎందుకంటే ఈ రెండు వైరసుల విషయంలోనూ దేహం రాకను అడ్డగించలేదు. వచ్చిన తరువాత తనను తాను కాపాడుకొనడానికి పెనుగులాడుతుంది.

హెచ్.ఐ.వి. సంగతి చూద్దాము. దేహంలో ప్రవేశించిన తరువాత సుమారు మొదటి పది రోజులు అది ఏ పరీక్షకూ చిక్కదు. ఆ కాలంలో అది సి.డి.4 అనే గుర్తు గల తెల్ల రక్తకణాలను వెతుక్కొని, లోపల చేరి, ఆ కణాల యంత్రాంగంతోనే తన సంతతిని తయారు చేయించుకుంటుంది. సి.డి.4 కణాలు సామాన్యమైనవి కావు. ఏ రోగక్రిమి వచ్చినా దానిని గుర్తించి, మిగిలిన కణాలకు ఆజ్ఞలు పంపేవి అవే. ఇతర వ్యాధులు సైనికులను చంపితే, ఇది సేనాధిపతులను చంపుతుంది. పైగా ఈ కణాలలో అత్యధిక భాగం రక్తంలో గాక ప్రేగుల గోడలను ఆశ్రయించి ఉంటాయి. తొలి వారాలలోనే అక్కడి కణాలలో పెద్ద భాగం నశించిపోతుంది. రక్తంలో లెక్కించే సంఖ్య తరువాత కొంత కోలుకొని అంతా బాగున్నట్లు కనిపించినా, ప్రేగులలో జరిగిన నష్టం సులభంగా పూడదు. బలహీనపడిన ప్రేగు గోడ గుండా సూక్ష్మజీవుల శకలాలు రక్తంలో కలిసి, రోగనిరోధక వ్యవస్థను ఎడతెగకుండా రెచ్చగొడుతూ ఉంటాయి.

రెండు నుండి నాలుగు వారాలకు అనేకులకు జ్వరం వస్తుంది. గొంతునొప్పి, ఒంటినొప్పులు, మెడలో బిళ్ళలు, ఒంటిపై ఎర్రని దద్దు కనిపించవచ్చు. కొందరికి ఏదీ కనిపించదు. మన ప్రాంతంలో ఇటువంటి జ్వరానికి ఆర్.ఎం.పి. వద్దకు వెళ్ళి సూది మందు వేయించుకోవడం ఆచారం. జ్వరం తనంతట తానే తగ్గుతుంది. కీర్తి సూదికి దక్కుతుంది. ఆ రోజులలో మాత్రం ఒక మిల్లీలీటరు రక్తంలో వైరసు లక్షలలోను, ఒక్కొక్కప్పుడు కోటికి చేరువగాను ఉంటుంది. రోగి ఇతరులకు వ్యాధిని అంటించగల శక్తి అత్యధికంగా ఉండే సమయం అదే. అతనికి గాని, భార్యకు గాని, వైద్యునికి గాని అనుమానమైనా తగలని సమయమూ అదే.

దేహం ఊరకుండదు. సి.డి.8 అనే మరొక జాతి కణాలు వైరసు దాగిన కణాలను గుర్తించి హతమారుస్తాయి. వాటి ధాటికి కొన్ని వారాలలోనే వైరసు సంఖ్య పడిపోయి, కొన్ని నెలలకు ఒక స్థాయి వద్ద నిలుస్తుంది. ఆ స్థాయి ఎంత తక్కువైతే వ్యాధి అంత మెల్లగా ముదురుతుంది. ఒకే వైరసు ఒకరిని అయిదేళ్ళలోను, మరొకరిని పదిహేనేళ్ళలోను కృంగదీయడానికి ఒక ప్రధాన కారణం ఇదే. అయితే ఈ వైరసు తన రూపును అతి వేగంగా మార్చుకుంటుంది. సి.డి.8 కణం నేర్చుకొన్న గుర్తు నెల తిరిగేసరికి పాతబడుతుంది. వైరసును నిజంగా నిర్వీర్యం చేయగల ప్రతిరక్షకాలు తయారయ్యేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి అది వేరొక వేషంలో ఉంటుంది. వీటన్నింటికీ మించి, సోకిన కొద్ది రోజులలోనే వైరసు కొన్ని కణాలలో నిద్రాణంగా దాగిపోతుంది. నిద్రించే శత్రువును దేహమూ గుర్తించలేదు, మందూ తాకలేదు. మందు మానితే మరల లేచి వస్తుంది. అందుకే నేటికీ హెచ్.ఐ.వి.కి జీవితాంతం మందు వాడవలసి వస్తున్నది.

ఇక హెపటైటిస్ ‘సి’. ఇది కాలేయ కణాలలో కాపురం పెట్టే వైరసు. 1989లో దీనిని గుర్తించారు. ఆ పరిశోధనలకు గాను ఆల్టర్, హౌటన్, రైస్ అనే ముగ్గురికి 2020లో నోబెల్ బహుమతి లభించినది. సోకిన వారిలో ఎక్కువమందికి తొలి నెలలలో కామెర్లు గాని, జ్వరం గాని కనిపించవు. కాని లోపల జరిగే కథ హెచ్.ఐ.వి. కథకు భిన్నమైనది. నూటికి సుమారు ముప్పదిమందిలో, ఏ మందూ లేకుండానే, ఆరు నెలలలోగా దేహమే ఈ వైరసును పూర్తిగా వెళ్ళగొడుతుంది! అలా గెలిచినవారిని పరిశీలించగా, వారి సి.డి.4, సి.డి.8 కణాలు రెండూ వైరసులోని అనేక భాగాలను గుర్తించి, బలంగా, చాలాకాలం పోరాడినట్లు తేలినది. ఓడినవారిలో సి.డి.4 కణాల సహాయం మధ్యలో సడలిపోతుంది. ఆ సహాయం లేక సి.డి.8 కణాలు అలసి నిస్తేజమవుతాయి. పుట్టుకతో వచ్చే జన్యు భేదాలు కూడా గెలుపు ఓటములలో పాత్ర వహిస్తాయని 2009లో కనుగొన్నారు. కనుక గెలిచినవాడు పుణ్యాత్ముడు, ఓడినవాడు పాపి అని తీర్పు చెప్పడానికి ఇక్కడ తావు లేదు. ఓడినవారిలో వైరసు ఇరవై, ముప్పై సంవత్సరాలు మౌనంగా ఉండి కాలేయాన్ని గట్టిపరచుకుంటూ పోతుంది.

ఈ రెండు వైరసులూ ఒకే దేహంలో చేరితే ఏమగును? జవాబు చాలవరకు పైన చెప్పినదానిలోనే ఉన్నది. హెపటైటిస్ ‘సి’ని జయించడానికి సి.డి.4 కణాల ఆసరా అవసరం, హెచ్.ఐ.వి. నరికేది ఆ ఆసరానే. కనుక హెచ్.ఐ.వి. ఉన్నవారిలో హెపటైటిస్ ‘సి’ తనంతట తాను తొలగిపోయే అదృష్టం మరింత అరుదు. కాలేయం చెడిపోయే వేగమూ పెరుగుతుంది. ప్రేగుల నుండి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే చేరుతుంది గనుక, హెచ్.ఐ.వి. వల్ల చిల్లులు పడిన ప్రేగు గోడ గుండా వచ్చే మలినాల దెబ్బ మొదట తగిలేది, అప్పటికే గాయపడిన ఆ కాలేయానికే. ఇక రెండవ వైపు. ముందే హెపటైటిస్ ‘సి’ ఉన్న దేహంలో హెచ్.ఐ.వి. ప్రవేశిస్తే? అట్టి వారిలో రోగనిరోధక కణాలు నిరంతరం ఉద్రేకంలో ఉంటాయని పలు పరిశోధనలు చూపినవి. ఉద్రేకంలో ఉన్న సి.డి.4 కణమే హెచ్.ఐ.వి.కి సులువైన ఆహారం. అయితే దీనివల్ల హెచ్.ఐ.వి. వ్యాధి నిజంగా త్వరపడుతుందా అనే విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. మందు వాడేటప్పుడు సి.డి.4 సంఖ్య మెల్లగా కోలుకుంటుందని కొందరన్నారు. తేడా లేదని మరికొందరన్నారు. హెచ్.ఐ.వి. కాలేయ వ్యాధిని త్వరపెడుతుందనే విషయంలో మాత్రం వివాదం లేదు.

ఈ శాస్త్రమంతా విద్యార్థులకెందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. ఎందుకో చెబుతాము. గల్ఫ్ దేశాలకు ఉద్యోగార్థం వెళ్ళదలచినవారికి వైద్య పరీక్ష తప్పనిసరి. అందులో హెచ్.ఐ.వి., హెపటైటిస్ ‘బి’, ‘సి’ మూడూ చూస్తారు. ఏ ఒక్కటి ఉన్నదని తేలినా చీటీపై ‘అన్‌ఫిట్’ అని పడుతుంది. మన వీధులలో ఆ ఒక్క మాటకు ఎంత బలమున్నదో మనకు తెలుసు. ఉద్యోగం పోవడమే గాక, కుదిరిన నికా చెడిపోతుంది. చెల్లెలి సంబంధం చూసేవారు కూడా వెనుకాడుతారు. అయితే ఆ చీటీ చెప్పేదేమిటి? సామాన్యంగా హెపటైటిస్ ‘సి’కి మొదట చేసే పరీక్ష వైరసును చూడదు, దేహం తయారు చేసిన ప్రతిరక్షకాలను చూస్తుంది. వైరసును స్వయంగా జయించిన ముప్పదిమందిలోనూ ఆ ప్రతిరక్షకాలు సంవత్సరాల తరబడి నిలిచే ఉంటాయి. మందుతో పూర్తిగా నయమైనవారిలోనూ ఉంటాయి. అంటే, వ్యాధి లేని మనిషికి వ్యాధిగ్రస్తుడనే ముద్ర పడవచ్చును! వైరసు నిజంగా ఉన్నదా లేదా అనేది ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేస్తేగాని తేలదు.

హెచ్.ఐ.వి. విషయంలో పొరపాటు దీనికి తారుమారు. వైరసు ఉప్పొంగే తొలి వారాలలో ప్రతిరక్షకాలు ఇంకా పుట్టవు గనుక, ‘లేదు’ అని వచ్చిన చీటీ నమ్మదగినది కాదు. అనుమానాస్పదమైన సందర్భం జరిగిన తరువాత మూడు నెలలకు మరల పరీక్ష చేయించుకోవాలనే నియమం అందుకే ఏర్పడినది. ఇక రెండు వ్యాధులూ ఉండి, హెచ్.ఐ.వి. బాగా ముదిరిన కొందరిలో హెపటైటిస్ ‘సి’ ప్రతిరక్షకాలు తయారు కాకపోవడం కూడా కద్దు. కాబట్టి ఒకే రకం చీటీ ఒక చోట లేనిది ఉన్నదనవచ్చు, మరొక చోట ఉన్నది లేదనవచ్చు. ఇంత తెలిసిన తరువాత కూడా ఒక కాగితాన్ని చూసి ఒక యువకుని జీవితంపై తీర్పు చెప్పడం న్యాయమా? పనిలో పనిగా మరొక మాట. రక్తదాన శిబిరాలలో మన విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొనడం మెచ్చదగినదే. కాని, తనకు ఏదైనా వ్యాధి ఉన్నదేమో ఉచితంగా తెలుసుకొందామని రక్తదానం చేయడం మహాపరాధం. తొలి వారాలలోని రక్తం పరీక్షకు దొరకకుండా మరొకరి నరాలలోకి పోయే ప్రమాదమున్నది. పరీక్ష కావలసినవారికి ప్రభుత్వాసుపత్రులలో ఐ.సి.టి.సి. కేంద్రాలున్నవి, పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం.

వ్యాధి వచ్చే మార్గాలలో ఒకదానిని గురించే మనవారు మాట్లాడుతారు. ఆంధ్రదేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా స్త్రీ పురుష సంబంధాల ద్వారానే వ్యాపించిన మాట నిజం. కాని సూది మార్గాన్ని మరువరాదు. ముఖ్యంగా హెపటైటిస్ ‘సి’కి రాజమార్గం రక్తమే. 2014 చివర కంబోడియాలోని రోకా గ్రామంలో, అర్హత లేని ఒక వైద్యుడు సిరంజిలను మరల మరల వాడిన ఫలితంగా రెండు వందల మందికి పైగా హెచ్.ఐ.వి. సోకినట్లు బయటపడినది. వారిలో చాలామందికి హెపటైటిస్ ‘సి’ కూడా ఉన్నది. మనవలె పొలం పనులు చేసుకొనే పేద ప్రజలు, వృద్ధులు, పసిపిల్లలు. 2018 ఆరంభంలో మన దేశంలోనే, ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూ ప్రాంతంలో ఇదే తీరు బయటపడినది. 2019లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రం రతోదెరోలో ఎనిమిది వందలమందికి పైగా సోకగా, వారిలో అత్యధికులు చిన్నపిల్లలు. ఆ పసివారి నడవడిని ఎవరు శంకించగలరు? కాబట్టి సూది వేస్తేనే వైద్యం, సెలైను ఎక్కిస్తేనే బలం అనే మన మోజును తగ్గించుకోవాలి. వేయించుకొనక తప్పనప్పుడు సీలు చింపని కొత్త సిరంజిని మన కళ్ళ ఎదుటనే విప్పమని అడగాలి. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

మన సమాజానికి సంబంధించిన ఒక విషయాన్ని కూడా దాచకుండా చెప్పవలసి ఉన్నది. ఖత్నా అయినవారికి ఈ వ్యాధి రాదనే మాట అక్కడక్కడ వినిపిస్తుంటుంది. ఇందులో ఒక పాలు శాస్త్రం, మూడు పాళ్ళు భ్రమ. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన పరీక్షలలో, స్త్రీ నుండి పురుషునికి హెచ్.ఐ.వి. సోకే అవకాశం సున్నతి వల్ల సుమారు అరవై శాతం తగ్గినట్లు 2005, 2007 సంవత్సరాలలో తేలినది. తగ్గినది, తొలగలేదు. భర్త నుండి భార్యకు సోకకుండా అది ఆపినట్లు తేలలేదు. సూదికి, కత్తికి, ఎక్కించే రక్తానికి దానితో నిమిత్తమే లేదు. పైగా ఖత్నా చేసే కత్తే ఒకరి తరువాత ఒకరికి వాడితే అదే ప్రమాద హేతువు. క్షౌరశాల బ్లేడు, పచ్చబొట్టు సూది, ముక్కు చెవులు కుట్టే సూది, అన్నిటికీ ఇదే న్యాయం వర్తిస్తుంది.

ఇంత చెప్పి నిరాశను మిగల్చడం మా అభిమతం కాదు. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో డాక్టరు సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని డాక్టరు నిర్మల మన దేశంలో మొట్టమొదటి హెచ్.ఐ.వి. కేసులను కనుగొన్ననాడు మందన్నదే లేదు. మందులు వచ్చిన తరువాత వాటి ధర సంవత్సరానికి పది వేల డాలర్లకు పైమాటే. 2001లో సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్ రోజుకు ఒక డాలరు లోపు ఖర్చుతో ఇస్తామని ప్రకటించి ప్రపంచాన్ని నివ్వెరపరచారు. ఆయన తండ్రి ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో స్థాపించిన సంస్థ అది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం ప్రారంభించగా, తొలి విడత రాష్ట్రాలలో మనదీ ఒకటి. 2017 నుండి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి తేలిన వెంటనే మందు మొదలు పెడుతున్నారు. మందు సక్రమంగా వాడి, రక్తంలో వైరసు కనిపించని స్థితికి వచ్చినవారి నుండి జీవిత భాగస్వామికి సంపర్కం ద్వారా వ్యాధి సోకదని ఈనాడు రూఢి అయినది.

హెపటైటిస్ ‘సి’ విషయంలో మార్పు ఇంతకంటె అద్భుతమైనది. హెచ్.ఐ.వి. వలె అది కణాలలో నిద్రాణంగా దాగదు గనుక దానిని పూర్తిగా నిర్మూలించవచ్చు. పూర్వం ఇంటర్‌ఫెరాన్ సూదులు ఏడాది పాటు వేసినా, ముఖ్యంగా హెచ్.ఐ.వి. కూడా ఉన్నవారిలో, సగంమందికైనా నయమయ్యేది కాదు. 2013 చివర అమెరికాలో సొఫొస్‌బువిర్ మాత్ర వచ్చినది. పన్నెండు వారాలకు ధర 84,000 డాలర్లు! 2015 మార్చిలో హైదరాబాదులోని నాట్కో సంస్థ అదే మందును నెలకు 19,900 రూపాయలకు విడుదల చేసినది. ఆ సంస్థను నెలకొల్పిన నన్నపనేని వెంకయ్య చౌదరి మన పొరుగునే గుంటూరు జిల్లా గొల్లమూడిపాడులో పుట్టినవారు. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. సాధారణంగా పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి తొంభై అయిదుమందికి పైగా నయమవుతుంది, హెచ్.ఐ.వి. ఉన్నవారిలోనూ దాదాపు అంతే. కొన్ని మందుల మోతాదును వైద్యుడు సరిచూడవలసి ఉంటుందంతే. అయితే ఒకసారి నయమైనంత మాత్రాన రక్షణ ఏర్పడదు, మరల సోకవచ్చును. టీకా ఇంకా రాలేదు.

మా వాదన ఇది. హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారికీ హెపటైటిస్ ‘సి’ పరీక్ష జరగాలి. రెండు శత్రువులలో ఒకదానిని మూడు నెలలలో తరిమివేయగలిగి ఉండి కూడా, ఉన్నదని తెలియక కాలేయాన్ని పోగొట్టుకోవడం కంటె దురదృష్టం లేదు. కాని పరీక్షకు మనిషి తనంతట తాను రావాలి. చీటీ బయటపడితే పరువు పోతుందని భయపడేవాడు రాడు. వచ్చినా ఊరు మార్చి, పేరు మార్చి వస్తాడు. మందు మధ్యలో మానేస్తాడు. కాబట్టి వెలివేత నైతికంగా తప్పు కావడమే గాక, వైరసుకు చేసే సహాయం కూడా. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం విద్యాసంస్థలతో సహా ఎక్కడా వివక్ష చూపరాదనీ, అనుమతి లేకుండా పరీక్ష చేయరాదనీ, ఫలితాన్ని బయట పెట్టరాదనీ శాసిస్తున్నది.

కళాశాల కమిటీవారికి మా విన్నపాలు పెద్దవి కావు. డిసెంబరు 1న ఊరేగింపుతో పాటు, జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం నాడు కూడా, ఒక ప్రభుత్వ వైద్యుని గాని, లాబొరేటరీ టెక్నీషియన్‌ను గాని పిలిపించి, నల్లబల్లపై బొమ్మలు గీసి వివరించే గంట పాఠం ఏర్పాటు చేయాలి. విద్యార్థినులకు వేరుగా ఒక వైద్యురాలి చేత చెప్పించాలి. వారు అడగవలసిన ప్రశ్నలు సభలో అడగలేరు. 1097 అనే ఉచిత టెలిఫోను నంబరును నోటీసు బోర్డుపై శాశ్వతంగా వ్రాయించాలి. నిధులు చాలవనే మాట ఇందులో దేనికీ వర్తించదు.

వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టినది 1918లో. అదే సంవత్సరం ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమంతటా లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ సంవత్సరంలో మన ఊరివారు పుస్తకాలు పోగుచేసి పదిమందికీ అందుబాటులో ఉంచాలని తలచారు. ఈ వ్యాసంలోని విషయాలను నాలుగు పుటల కరపత్రంగా వేసి, ఆ గ్రంథాలయపు పఠనశాలలోను, మన మసీదుల వద్దను, నేతపేటలలోను, జీడిపప్పు కర్మాగారాల వద్దను ఉంచాలని మా కోరిక. ముద్రించే ముందు ఒక వైద్యుడు దానిని చదివి సరిచూడాలి. తెలుగు ప్రతిని మేము సిద్ధం చేస్తాము. ఉర్దూ ప్రతిని ఉర్దూ విభాగ మిత్రులు స్వీకరిస్తే, రానున్న జూలై నాటికి రెండూ ఒకే కాగితంపై, ఎదురెదురు పుటలలో, అచ్చువేయవచ్చును.